ముద్దుపళని: పీఠిక కోల్పోయిన కవయిత్రి

తెలుగుదేశమునకు వెలుపల తెలుగు కవిత వర్ధిల్లిన తావులలో తంజావూరు అగ్రగణ్యము. నాయకరాజుల కాలమున అచ్చట రాజులే కవులైరి. రామభద్రాంబ, రంగాజమ్మ వంటి విదుషీమణులు ఆ కొలువున విలసిల్లిరి. పదునేడవ శతాబ్ది చివరి పాదమున రాజ్యము మరాఠా భోసలే వంశీయుల వశమైనను తెలుగు నాదరించు సంప్రదాయము చెడలేదు. ఆ వంశమున 1739 నుండి 1763 వరకు పాలించిన ప్రతాపసింహుని ఆస్థానమున వెలసిన కవయిత్రియే ముద్దుపళని.

ఆమె దేవదాసీ కులమున జన్మించినది. పితామహి తంజనాయకి కూడ పేరెన్నిక గన్న విదుషి. సంగీత నాట్యములతోపాటు తెలుగు సంస్కృతములందు ముద్దుపళని గట్టి పాండిత్యము గడించినది. ఆండాళ్ తిరుప్పావైని తెలుగు చేసినట్లును ఆమెకు ప్రసిద్ధి కలదు.

ఆమె కీర్తికి ఆధారమైన గ్రంథము రాధికాసాంత్వనము. నాలుగు ఆశ్వాసముల శృంగార ప్రబంధమిది; పద్యములు 584. రాధ తాను పెంచిన ఇళను తానే శ్రీకృష్ణునకిచ్చి పెండ్లి చేయును. నూతన వధువునకు బుద్ధులు గరపి పంపును. పిదప ఆ దంపతుల అనురాగమును తలచి తానే కుమిలిపోవును. కృష్ణుడు వచ్చి అలిగిన రాధను ఊరడించుటయే కథ. శృంగార ప్రబంధములు తెలుగున కొల్లలు. వానిలో చాలవరకు స్త్రీ వర్ణింపబడునదే కాని మాటాడునది కాదు. ఇచ్చట రాధ కోరిక, అలుక, త్యాగము, ఈసు అన్నియు ఆమె వైపు నుండియే పలుకును.

మన కావ్య సంప్రదాయమున పీఠికకు ప్రత్యేక స్థానమున్నది. కవి తన వంశమును, విద్యను, కృతి పుట్టుకను చెప్పుకొనునది అచ్చటనే. ముద్దుపళని సంకోచింపక తన వారిని వర్ణించినది. తండ్రితాతలతో సరిపెట్టక పితామహి మొదలగు స్త్రీల విద్యావైభవమును గూడ కీర్తించినది. కవులు తనకు కృతులంకితమిచ్చిన సంగతిని సగర్వముగా చెప్పుకొన్నది.

1887లో ఈ గ్రంథమును పైడిపాటి వెంకటనరసు అచ్చు వేయించెను. ఆయన సి. పి. బ్రౌను దొరతో కలిసి పనిచేసిన పండితుడు. ఆ ముద్రణమున పీఠిక లేదు. శృంగారము మితిమీరెనని తోచిన పద్యములును కొన్ని లేవు. దస్త్రములతో కాలము గడుపు మనకు ఈ లోపము ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. కాగితము మిగిలినను సంతకమున్న భాగము చినిగిపోయినచో దాని కర్తృత్వము నిలుచుట కష్టము.

పిదప కందుకూరి వీరేశలింగము పంతులు తమ కవుల చరిత్రలో ఆమె భాషాపాండిత్యమును అంగీకరించిరి. కాని గ్రంథమును అశ్లీలమని నిరసించి, కవయిత్రి నడవడిని, కులమును తూలనాడిరి. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన మహనీయుడే ఈ తీర్పు చెప్పుట విచారకరము.

ఆ తీర్పునకు ఎదురాడినది బెంగుళూరు నాగరత్నమ్మ. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించిన గాయని ఈమెయే. అచ్చు ప్రతిని సంపాదించి చదివి, తరువాత వ్రాతప్రతి లభింపగా రెంటిని పోల్చి, తొలగింపబడినదేమో కనుగొన్నది. పీఠికతో, విడిచిన పద్యములతో 1910లో వావిళ్ల వారిచేత సమగ్రముగా ప్రకటింపజేసినది. శృంగారము దోషమైనచో అది పురుషులు వ్రాసిన గ్రంథములకు ఏల వర్తింపదని ఆమె నిలదీసినది. అంతటి శృంగారమున్న వైజయంతీవిలాసమును పంతులుగారే పరిష్కరించిరని, అది విద్యార్థులకు పాఠ్యగ్రంథమైనదని ఎత్తిచూపినది.

సమాధానమునకు బదులు నిషేధము వచ్చినది. 1911లో మద్రాసు ప్రభుత్వము గ్రంథమును అశ్లీలమని నిర్ణయింపగా పోలీసులు ప్రతులను స్వాధీనపరచుకొనిరి. పండితులు విజ్ఞప్తులు చేసినను ఫలము లేకపోయెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవతో 1947లో గాని ఆ ఆజ్ఞ తొలగలేదు. 1952లో వావిళ్ల వారు మరల ముద్రించిరి. నాగరత్నమ్మ పరమపదించినదియు ఆ సంవత్సరముననే. 2011లో ఆంగ్లానువాదము వెలువడి, తెలుగెరుగని వారికి సైతము ముద్దుపళని పేరు పరిచితమైనది.

ముద్దుపళని గ్రంథము పూర్తిగ నశింపలేదు. కథ నిలిచినది, పద్యములు చాలవరకు నిలిచినవి. ఇది నాది, నేను ఇట్టివారి బిడ్డను అని ఆమె చెప్పుకొన్న మాటలు మాత్రమే అచ్చునకు ఎక్కలేదు. వానిని తిరిగి ఆమెకు ముట్టజెప్పుటకు మరియొక కళావతి పూనుకొనవలసివచ్చినది. అందుచేత రాధికాసాంత్వనమును చేతబట్టిన పాఠకుడు కథకు పరుగిడక, ముందు పీఠికను నిదానముగ చదువవలెను.