మాటల శిల్పి పింగళి నాగేంద్రరావుగారు

పుస్తకము వ్రాసినవాని పేరు అట్టమీద నిలుచును. శతకము చెప్పినవాని పేరు పద్యములతోపాటు తరతరములు నడచును. చలనచిత్రమునకు మాటలు కూర్చినవాని పేరు మాత్రము తెరపై క్షణకాలము మెఱసి మాయమగును. జనులు నటుని తలంతురు, గాయకుని కొనియాడుదురు. ఆ నటునికి మాటను, ఆ గాయకునికి పాటను అందిచ్చినవానిని మఱతురు. అట్లు మఱవదగనివారిలో పింగళి నాగేంద్రరావుగారు ముందు వరుసలోనివారు.

పింగళివారు 1901వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన ఉత్తరాంధ్రమునందలి రాజాములో జన్మించిరి. వారి విద్యాభ్యాసము బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో జరిగెను. పిమ్మట కొంతకాలము ఖరగ్‌పూరులో రైల్వే ఉద్యోగము చేసిరి. నెలనెల జీతము తప్పక వచ్చు కొలువది. అయినను, స్వాతంత్ర్యోద్యమము దేశమంతట రగులుచున్న ఆ దినములలో వారి మనస్సు అచ్చట నిలువలేదు. ఉద్యోగము విడిచి దేశభక్తి గీతములు వ్రాసిరి. తిరిగి బందరు చేరి, ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున వెలువడుచుండిన కృష్ణాపత్రికలో పనిచేసిరి. మాటను తూచి వాడుట నేర్చుకొనుటకు అంతకు మించిన పాఠశాల నాడు తెలుగునాట అరుదు.

బందరు నాటకరంగమునకు పుట్టినిల్లు వంటిది. అచ్చటి డి.వి. సుబ్బారావుగారి ఇండియన్ డ్రమటిక్ కంపెనీకి పింగళివారు రచయితలైరి. వింధ్యరాణి, నా రాజు మొదలగు నాటకములు వ్రాసిరి. వంగ నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్ గారి రచనలను తెనిగించిరి. వారి జేబున్నీసా నాటకమును నాటి ప్రభుత్వము నిషేధించెను. పదుల సంఖ్యలో ప్రదర్శనలు చూచి, ఏ మాటకు సభ కదలునో, ఏ మాటకు నిద్రించునో కనిపెట్టిన అనుభవము వారికి జీవితాంతము పెట్టుబడియైనది.

1940వ దశకపు తొలినాళ్లలో భలే పెళ్ళి చిత్రముతో వారు చలనచిత్రరంగమున ప్రవేశించిరి. అంతలోనే అదృష్టము వరింపలేదు. 1948లో వింధ్యరాణి చిత్రముగా వెలువడునాటికి వారి వయస్సు నలువదియాఱేండ్లు దాటినది. మఱుసటి యేడు కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున వచ్చిన గుణసుందరి కథతో వారి దశ తిరిగినది. షేక్స్పియరు మహాకవి లియరు రాజు కథాబీజము అందులో అచ్చమైన తెలుగు జానపద కథయై మొలచినది. 1951లో విజయావారి పాతాళభైరవి వచ్చినది. తోటమాలి కొడుకు తోటరాముడును, నేపాళ మాంత్రికుడును ఊరూర ఇంటిమనుష్యులైరి.

1957 మార్చి 27న విడుదలయైన మాయాబజార్ వారి కీర్తికి శిఖరము. వ్యాసభారతమున గాని కవిత్రయ భారతమున గాని శశిరేఖా పరిణయము కానరాదు. అది జనుల నోట పెరిగి, నాటకములకెక్కిన కథ. దానిని పింగళివారు చిత్రమునకు అనువుగా మలచిరి. పాండవుల కథయే యైనను ఆ చిత్రమున పాండవులు ఒక్కమాఱును కనబడరు! ఎవరికి ప్రియమైనదానిని వారికి చూపు ప్రియదర్శిని, ఎక్కినవానిచేత నిజము పలికించు సత్యపీఠము అందు కథను నడపును. రాక్షసుల నోట సంయుక్తాక్షరములు విడిపోయి, అస్మదీయులు అసమదీయులైరి. దానికి జంటగా తసమదీయులు పుట్టిరి. ఈ రెండవ మాట ఏ వ్యాకరణమునకును లొంగదు. అయినను నేడు రాజకీయ వార్తలలో సైతము మనవారు, పెఱవారు అను అర్థమున ఈ జంట తిరుగుచున్నది. వీరతాడు అను మాటయు అట్టిదే.

మిస్సమ్మ, గుండమ్మ కథ చిత్రములలో మాటలు అన్యులవి, పాటలు పింగళివారివి. ఆజన్మ బ్రహ్మచారియైన ఆయన వ్రాసిన యుగళగీతములను ఎందఱో దంపతులు పాడుకొనిరి. మహాకవి కాళిదాసు, జగదేకవీరుని కథ మొదలగునవి కూడ వారి కలమునుండి వెలువడినవే.

చలనచిత్ర రచన సాహిత్యమగునా అని సందేహించు పండితులు కలరు. 1951 జనాభా లెక్కల నాటికి దేశమున చదువ వ్రాయ నేర్చినవారు నూటికి సుమారు 18 మందియే. తక్కిన 82 మందికి పుస్తకపు తలుపు మూసియుండెను. ఆ వాకిట నిలిచినవారికి చెవిద్వారమున నిర్దోషమైన హాస్యమును, నుడికారము గల తెలుగును అందించినవారిని సాహిత్యసేవకులనక మఱేమందుము? గ్రంథాలయము చదువరికి చేసిన మేలునే వారు చదువురానివారికి చేసిరి.

పింగళివారు 1971 మే 6న స్వర్గస్థులైరి. వారు వ్రాసిన శ్రీకృష్ణసత్య ఆ సంవత్సరాంతమున విడుదలయైనది. 2010లో మాయాబజార్ రంగులు దిద్దుకొని మరల రాగా, 1957లో పుట్టనివారు సైతము చూచి నవ్విరి. మాట నిలిచినది, వ్రాసినవాని పేరు మాత్రము చాలమందికి తెలియదు. గ్రంథాలయమున పుస్తకము తీసినవాడు కర్త పేరు చదివిన పిమ్మటనే పుట తిప్పును. చిత్రము చూచువారును ఆ మర్యాద పాటించి, తొలుత కనబడు పేర్లలో పింగళివారి పేరు వెదకి చదువుదురు గాక. ఆ మాటల ఋణము కొంతైన తీఱును.