తంబురలోని నూలుపోగు

వడ్డేపల్లి భజన గోష్ఠులలో తంబుర శ్రుతి చేయువారిని గమనించినవారికి ఒక చిన్న వింత తెలియును. తీగలు బిగించి, పూసలు జరిపిన పిమ్మట వారొక నూలుపోగును తీగకును గుఱ్ఱమునకును నడుమ జొనిపి అటునిటు జరుపుచుందురు. అంతవరకు మొద్దుగా మ్రోగిన తీగ ఒక్కసారి జుమ్మని తేనెతుట్టెవలె పలుకును. గద్వాల సీమలో నూలునకు కొదువ లేదు. ఆ పోగు చేయు పని యేమని అడిగినవారు మాత్రమరుదు. అడిగి, బదులు వెదకినవాడు చంద్రశేఖర వేంకట రామన్.

1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంత జన్మించిన ఆయనను తమిళుడందుము, నిజమే. కాని ఆయన బాల్యము గడచినది విశాఖపట్టణమున. తండ్రి చంద్రశేఖర అయ్యరు 1892లో అచ్చటి కళాశాలకు అధ్యాపకుడై వచ్చెను. ఆయన ఫిడేలు వాయించెడివాడు. ఇంట ఒక మూల శాస్త్రగ్రంథములు, ఒక మూల ఫిడేలు. కుమారునకు రెండింటి రుచియు అబ్బెను. పదునొకండవ యేట మెట్రిక్యులేషను, 1907లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఎం.ఏ. ముగిసెను. ఆ యేడే లోకసుందరిని పెండ్లాడెను. తొలిసారి చూచినపుడామె వీణపై త్యాగరాజస్వామి తెలుగు కృతి నొకదానిని వాయించుచుండెనని చెప్పుకొందురు. తెలుగు పంతులను గనుక ఈ ముక్క విడువలేకపోయితిని.

శాస్త్రముతో కడుపు నిండు కాలము కాదది. ఆర్థికశాఖలో ఉద్యోగియై ఆయన కలకత్తా చేరెను. పగలు లెక్కల కార్యాలయము. తెల్లవారుజామునను సాయంకాలములందును బౌబజారు వీధిలోని విజ్ఞాన పరిశోధన సంఘము. ఏక్‌తారను బిచ్చగాని వాద్యమని త్రోసిపుచ్చక, 1909లోనే దానిపై వ్యాసము వ్రాసెను. 1917లో పాలిత్ ఆచార్య పదవికై సర్కారు కొలువు విడిచెను. క్రొత్త జీతము పాతదానికంటె తక్కువ.

తీగను మీటిన చోట ఏ ఉపస్వరమునకు కదలికలేని బిందువుండునో ఆ ఉపస్వరము వినరాదని యంగ్, హెల్మ్‌హోల్ట్స్ పండితుల నియమము. మన వీణయు తంబురయు ఆ నియమమును మన్నింపవని రామన్ 1921 నాటి పత్రమున చూపెను. కారణము గుఱ్ఱము. ఫిడేలు తీగ సన్నని అంచుపై ఆనును. తంబుర గుఱ్ఱము వెడల్పై, మెల్లగా వంపు తిరిగియుండును. కంపించు తీగ ఆ వంపును తాకుచు విడుచుచుండును. ఆ తాకిడికి తగిన చోటు కుదుర్చునది నూలుపోగు. అందువలన ఉపస్వరములు మీటుతోనే తీరిపోక, ఒకదాని వెంట నొకటి వికసించి మెల్లగా అణగును. అంతకుముందు 1920లో శివకాళి కుమార్‌తో కలసి మృదంగమును గూర్చియు వ్రాసెను. మామూలు డోలు చర్మపు ధ్వనులకు పొత్తు కుదరదు. మృదంగపు నడుమ అద్దిన నల్లని ముద్ద వాటిని శ్రుతికి తెచ్చును.

నాదమునకు లేచుట, కొంత దిగుట, నిలుచుట, అణగుట అను దశలు గలవు. 1960ల నడుమ అమెరికాలో రాబర్ట్ మూగ్ విద్యుద్వాద్యములు నిర్మించుచున్నపుడు ఈ దశలను వలయములతో కల్పింపవలసివచ్చెను. 1965లో స్వరకర్త వ్లాదిమిర్ ఉసాచెవ్‌స్కీ ఈ నాలుగు దశల పద్ధతిని కోరెను. కెపాసిటరు నొక రెసిస్టరు ద్వారా నింపినచో ధ్వని లేచును. మరియొక రెసిస్టరు ద్వారా ఖాళీ చేసినచో అణగును. చిల్లు కుండనుండి నీరు మొదట వడిగా, పిదప నీరసముగా కారినట్లే ఆ వంపును. నేటి ఎలక్ట్రానిక్ తంబురలకు చిక్కంతయు ఇచ్చటనే. మీటును అనుకరించుట సులువు. ఉపస్వరములన్నిటిని ఒకే వంపుతో దించినచో గంట మ్రోగినట్లుండును, తంబుర కాదు. ఏ ఉపస్వరమునకా వంపు వేరుగా చెక్కవలెను. నూలుపోగు ఆ పనిని ఊరకయే చేసిపెట్టును.

1921లోనే ఇంగ్లండునకు పోయిన రామన్ దృష్టిని మధ్యధరా సముద్రపు నీలము ఆకర్షించెను. 1928 ఫిబ్రవరి 28, 1930 నోబెల్ బహుమానము అందరెఱిగినవే. ఆ వెలుగు ముందు నాదము కొంత మరుగున పడినదని నా మనసున నొక చిన్న కొఱత. ఆయన మాత్రము మరువలేదు. 1927లో జర్మనుల భౌతికశాస్త్ర మహాగ్రంథమునకు సంగీతవాద్యములపై ప్రకరణము వ్రాసియిచ్చెను; 1934లో మరల మృదంగమును చేపట్టెను. 1970 నవంబరు 21న బెంగుళూరులో కన్నుమూసెను. ఆయన కోరినట్లే తాను నెలకొల్పిన పరిశోధనాలయపు తోటలో దహనము జరిపిరి.