వానకోటు నిర్మాత చార్లెస్ మెకింటోష్

నైరృతి ఋతుపవనములు వీచు దినములలో కృష్ణానది గద్వాల, వనపర్తి జిల్లాల నడుమ నిండుగా ప్రవహించును. నాగర్‌కర్నూల్ జిల్లాలోని సోమశిలయొద్ద అది శ్రీశైలము జలాశయముతో కలిసి, ఆవలి ఒడ్డు దూరమగునంతగా విస్తరించును. అట్టి నీటిపై వెదురుబద్దలతో అల్లిన పుట్టిలో కూర్చుండి వల వేయు జాలరికి వాన గొప్ప శత్రువు. పుట్టి యడుగున తారు పూసిన గుడ్డయో, ప్లాస్టిక్ పట్టాయో ఉండుటచే నదిలోని నీరు లోనికి రాదు. కాని ఆకాశమునుండి పడు నీటిని ఆపుట ఎట్లు? తడిసిన బట్టతో గాలిలో గంటలకొలది కూర్చుండినచో దేహము చల్లబడును, వ్రేళ్లు కొంకర్లుపోవును, వల లాగు పట్టు తప్పును.

ఈ ప్రాంతమున పూర్వమునుండి వానకు గొంగడియే ఆధారము. దక్కను గొఱ్ఱెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడిపై చినుకులు కొంతసేపు నిలువక జారిపోవును. తడిసినను అది తన వెచ్చదనమును పూర్తిగా కోల్పోదు. అయినను ఎడతెగని ముసురులో అది నీటిని పీల్చి మోయరాని బరువగును. తేలికగా నుండి, నీటిని లోనికి రానీయని వస్త్రముకొఱకు అనేక దేశముల జనులు చిరకాలము వెదకిరి. ఆ వెదకులాటలో శాశ్వతమైన పేరు సంపాదించినవాడు స్కాట్లండు దేశీయుడగు చార్లెస్ మెకింటోష్.

అతడు 1766వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి జార్జి మెకింటోష్ అద్దకపు రంగులను తయారుచేయించు వర్తకుడు. రాళ్లపై పెరుగు ఒక విధమగు పాచినుండి ఊదారంగు తీయు కర్మాగారము ఆయనకు ఉండెను. ఆ పనికి అమ్మోనియా అవసరము. దానికై ఆ కాలమున నగరములోని ఇండ్లనుండి మూత్రమును సేకరించి తెచ్చెడివారు. పనికిరాదని పారవేయు వస్తువునుండి పనికివచ్చు వస్తువును తీయవచ్చునని బాలుడగు చార్లెస్ తన యింటనే నేర్చుకొనెను.

చదువు ముగిసిన పిమ్మట చార్లెస్ ఒక వర్తకుని కచేరిలో గుమాస్తాగా చేరెను. కాని అతని మనస్సు లెక్కల పుస్తకములపై నిలువలేదు. తీరిక దొరకినప్పుడెల్ల రసాయనశాస్త్రమును అభ్యసించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ ఇచ్చిన ఉపన్యాసములను శ్రద్ధతో వినెను. ఇరువది యేండ్లు నిండకమునుపే గుమాస్తా పని విడిచి, నవాసారమును తయారుచేయ మొదలుపెట్టెను. మన ఊళ్లలో పాత్రలకు కళాయి పూయువారు వాడెడి వస్తువే అది. 1797లో హర్లెట్ అను చోట స్కాట్లండులోని మొదటి పటిక కర్మాగారమును స్థాపించెను. బొగ్గుగనులలో వృథాగా పడియుండిన పలకరాయియే దానికి ముడిసరకు. చార్లెస్ టెన్నాంట్ 1799లో బట్టలను తెల్లబరచు పొడికి హక్కుపత్రము పొందిన కార్యములోను మెకింటోష్ పాలుపంచుకొనెను.

ఆ కాలమున నగరములలో బొగ్గునుండి తీసిన వాయువుతో దీపములు వెలిగించుట ప్రారంభమైనది. బొగ్గును మూసిన పాత్రలలో కాల్చగా వాయువుతోపాటు దుర్వాసనగల తారును, అమ్మోనియా కలిసిన నీరును మిగిలెడివి. వాయు కర్మాగారములకు వీనిని వదిలించుకొనుటయే భారముగా నుండెను. 1819లో మెకింటోష్ గ్లాస్గో వాయు కర్మాగారముతో ఒడంబడిక చేసికొని ఆ మిగులు సరకునంతయు కొనసాగెను. అమ్మోనియా అద్దకపు రంగునకు ఉపయోగపడెను. తారును బట్టీ పట్టగా నాఫ్తా అను తేలికయైన నూనె వచ్చెను. దానిని ఏమి చేయవలెనను ప్రశ్న అతనిని విడువలేదు.

దక్షిణ అమెరికా అడవులలోని ప్రజలు రబ్బరు చెట్టు పాలను పూసి నీరుచొరని పాదరక్షలు, పాత్రలు ఎంతో కాలమునుండి చేసికొనుచుండిరి. కాని ఆ పాలు ఓడలలో ఐరోపా చేరునప్పటికి గట్టిపడి ముద్దలగుచుండెను. ఆ ముద్దలను తిరిగి కరగించి గుడ్డకు పూయుట కష్టమయ్యెను. ఎడింబరోలో వైద్యవిద్యార్థిగా నుండిన జేమ్స్ సైమ్ 1818లో తారునుండి తీసిన ద్రవము రబ్బరును కరగించునని కనుగొనెను. అయితే అతడు దానిని పరిశ్రమగా మార్చలేదు. మెకింటోష్ నాఫ్తాలో రబ్బరును కరగించి చిక్కని లేపనము చేసెను. దానిని గుడ్డపై పూసిచూడగా నీరు ఆగెను గాని, పై భాగము జిగటగా నుండి ముట్టుకొన్న ప్రతి వస్తువునకు అంటుకొనెను. అప్పుడతడు ఒక సులభమైన ఉపాయము పన్నెను. పూసిన గుడ్డపై మఱియొక గుడ్డను పరచి రెంటిని గట్టిగా అదిమెను. జిగట రబ్బరు నడుమ దాగెను. రెండు వైపులను పొడిగుడ్డయే కనబడెను. ఈ విధానమునకు 1823 జూన్ 17వ తేదీన అతడు హక్కుపత్రము పొందెను. ఆ సంవత్సరముననే లండనులోని రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా ఎన్నుకొనెను.

మాంచెస్టరు నగరమున బర్లీ సోదరులతో కలిసి అతడు కర్మాగారము నెలకొల్పెను. 1825లో ఉత్తరధ్రువ ప్రాంతమునకు బయలుదేరిన జాన్ ఫ్రాంక్లిన్ బృందము మెకింటోష్ గుడ్డను వెంట తీసికొనిపోయెను. వారు ఆ గుడ్డను కప్పి ఒక చిన్న పడవను కూడ చేయించుకొనిరి. దాని పొడవు 9 అడుగులు, బరువు సుమారు 39 కిలోలు. కఱ్ఱ చట్రముపై గుడ్డ బిగించిన ఆ పడవను విప్పి మూటలు కట్టి, కావలసినచోట ఇరువది నిమిషములలోపల మరల కూర్చవచ్చును. దానికి అక్రోటుచిప్ప అని పేరు పెట్టిరి. కృష్ణలో తిరుగు మన పుట్టికి అది దూరపు చుట్టమే యని చెప్పవచ్చును.

ఇంతటితో కష్టములు తీరలేదు. గుడ్డ మంచిదే గాని, కోటు కారెను. దర్జీలు కుట్టునప్పుడు సూది పోయినచోటనెల్ల రబ్బరు పొరకు రంధ్రము పడెను. వాన నీరు ఆ కుట్లవెంట లోనికి దిగెను. కొన్నవారు దర్జీని నిందింపక గుడ్డనే నిందించిరి. వస్తువు యొక్క బాగోగులు అతుకువద్దనే తేలునని గద్వాల నేతగాండ్రకు బాగుగా తెలియును. నూలు చీరకు పట్టు అంచును పోగుకు పోగు పెనవేసి కలుపు నేర్పువలననే ఆ చీరకు పేరు వచ్చినది. మెకింటోష్ సంస్థవారును ఈ సత్యమును గ్రహించి, కోట్లను తామే కుట్టించి, కుట్లపై మరల రబ్బరు పూసి మూయించిరి.

మఱి రెండు లోపములు అంత సులభముగా లొంగలేదు. చలికాలమున రబ్బరు బిగిసి కోటు అట్టవలె అగును; ఎండలో మెత్తబడి జిగటయగును. నాఫ్తా వాసనయు పోదు. ఉన్నిగుడ్డకు పూసినచో ఉన్నిలోని సహజమగు జిడ్డు రబ్బరును పాడుచేయును. స్కాట్లండు ఎండకే మెత్తబడిన ఆ కోటు, వేసవిలో 40 డిగ్రీలు దాటు పాలమూరు ఎండలో ఏమగునో ఊహించుకొనవచ్చును. లండనులో రబ్బరు పని చేయుచుండిన థామస్ హాన్‌కాక్ 1825లో మెకింటోష్ విధానమును వాడుకొనుటకు అనుమతి పొంది, పిమ్మట ఆ సంస్థలోనే చేరెను. అతడు కల్పించిన యంత్రము రబ్బరును నమిలినట్లు నలిపి మెత్తపరచును. దానివలన తక్కువ నాఫ్తాతో పలుచని పూత వేయ వీలాయెను, వాసన తగ్గెను. 1836లో హక్కుపత్రమును గూర్చి వ్యాజ్యము నడువగా న్యాయస్థానము మెకింటోష్ పక్షమున తీర్పు చెప్పెను.

ఎండకు మెత్తబడు దోషము మాత్రము నిలిచియేయుండెను. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకము కలిపి వేడిచేసిన రబ్బరు ఎండకు కరగదనియు, చలికి బిగియదనియు కనుగొనెను. ఇంగ్లండులో ఆ విధానమునకు హాన్‌కాక్ 1843 నవంబరులో హక్కుకై దరఖాస్తు చేసెను. కాని మెకింటోష్ అప్పటికి జీవించి లేడు. అదే సంవత్సరము జూలై 25వ తేదీన, తన 76వ యేట, గ్లాస్గో సమీపమున కన్నుమూసెను. తన కోటులోని పెద్ద లోపము తీరుటను అతడు చూడలేకపోయెను.

మెకింటోష్ కోటు తొలుత బీద జాలరి ఇంటికి చేరలేదు. దానిని కొన్నవారు గుఱ్ఱపుబండ్లపై ప్రయాణించు ధనికులు, సైనికాధికారులు. సముద్రముపై చేపలు పట్టువారు తమ గుడ్డకు అవిసెనూనె పట్టించి ఆరబెట్టి తొడుగుకొనిరి. అది జిడ్డుగా నుండినను చవుక. చిరిగినచో మాసిక వేసి మరల నూనె పూయవచ్చును. నార్వే దేశమున ఓడ నడిపిన హెల్లీ యూయెల్ హాన్సెన్ 1877లో ఇట్టి నూనెగుడ్డ దుస్తులనే భార్యతో కలిసి తయారుచేసి అమ్మెను. వాన నాపుట ఒక విద్య. కష్టజీవి కొనగల వెలకు దానిని అందించుట మఱియొక విద్య.

నేడు సంతలో రబ్బరు పూతవియు, ప్లాస్టిక్ పూతవియు, నైలానువియు వానకోట్లు అనేకములు దొరకుచున్నవి. వానిని ఎన్నుకొనుటకు మెకింటోష్ చరిత్రమే చాలినంత బోధించుచున్నది. మొదట కోటును లోపలికి తిప్పి కుట్లు చూడవలెను. కుట్టుపై పట్టీ అంటించి మూయనిచో గుడ్డ ఎంత దళసరిదైనను నీరు కారును. పలుచని ప్లాస్టిక్ కోటు వెల తక్కువే గాని, వలముడికో వెదురు ముల్లుకో తగిలి ఒక్క కార్తెలోనే చిరుగవచ్చును. మూడేండ్లు నిలుచు కోటునకు రెట్టింపు వెల పెట్టినను లెక్కకు అదియే చవుక. పుట్టిలో కూర్చుండువానికి కాళ్లకు చుట్టుకొను పొడవాటి కోటుకంటె చొక్కా, లాగు వేఱుగా నుండునదియు, నీట పడినప్పుడు వెంటనే విప్పుకొన వీలైనదియు మేలు. దానిపై ప్రాణరక్షక కవచము తొడుగుకొనుట మఱువరాదు. పని ముగిసిన పిమ్మట చేపల జిగురు కడిగి, నీడలో వ్రేలాడదీసి ఆరవేయవలెను. ఎండలోను, పొయ్యి ప్రక్కను ఆరవేసినచో పూత చెడును.

ఇంగ్లీషు భాషలో వానకోటునకు మెకింటోష్ పేరే వాడుకపేరుగా నిలిచినది. వాడుకలో ఆ పేరునకు ఒక అక్షరము ఎక్కువగా కూడ చేరినది. తారు కుండలో మిగిలిన దుర్వాసనగల నూనెను పారవేయక, దానితో ఏమి చేయవచ్చునా యని ఆలోచించిన మనుజునికి లోకము ఇచ్చిన బిరుదము అది.