డబ్ల్యూ. జె. బాసెట్-లోక్

వెన్‌మన్ జోసెఫ్ బాసెట్-లోక్ (1877 - 1953) ఇంగ్లాండులోని నార్తాంప్టన్ పట్టణానికి చెందిన నమూనా రైళ్ళ వ్యాపారి. బ్రిటిషు ఆవిరి ఇంజన్లను కొలతలు, రంగులతో సహా చిన్న నమూనాలుగా ప్రజలకు అందించిన వారిలో ముఖ్యుడు.

ఇతడు తండ్రి నడిపిన బాయిలర్ల కార్ఖానాలో పని నేర్చుకొని, 1899 ప్రాంతంలో నమూనా యంత్రాల విడిభాగాలను తపాలా ద్వారా అమ్మసాగాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో జర్మనీకి చెందిన బింగ్ సంస్థ రేకు బొమ్మల పనితనం ఇతడిని ఆకర్షించింది. ఆ సంస్థ చేతనే బ్రిటిషు రైల్వే కంపెనీల ఇంజన్ల నమూనాలు చేయించి స్వదేశంలో అమ్మాడు. తరువాత వచ్చిన నమూనాలలో అనేకం హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీరు రూపొందించినవి. పేరు మాత్రం బాసెట్-లోక్‌కే ఎక్కువగా దక్కింది.

నమూనాలకు నిర్ణీత కొలతలు స్థిరపడడంలోనూ వీరిద్దరి పాత్ర ఉంది. గేజ్ 0 పద్ధతిలో అసలు బండి ఒక్కొక్క అడుగుకు నమూనాలో 7 మి.మీ. ఉంటుంది. ఆ లెక్కన 4 అడుగుల 8½ అంగుళాల రైలుమార్గం వెడల్పు సుమారు 33 మి.మీ. కావాలి, కాని 32 మి.మీ. వాడుకలో నిలిచింది. నిశితంగా పనిచేసే నమూనాకారులకు ఈ ఒక్క మిల్లీమీటరూ లోపమే.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వల్ల జర్మనీ సరుకు ఆగిపోయింది. 1915లో ఇతని బృందం కంబర్లాండులో మూతపడిన రావెన్‌గ్లాస్-ఎస్క్‌డేల్ మార్గంలో 15 అంగుళాల పట్టాలు వేసి, ప్రయాణికులెక్కే చిన్న రైలును నడిపింది. ఆ మార్గం నేటికీ నడుస్తున్నది. 1922లో గేజ్ 0లో సగం వెడల్పు గల బింగ్ రైలు ఇతని ద్వారా బ్రిటిషు విపణికి వచ్చింది. భోజనాల బల్లమీదనే దాని పట్టాలు అమర్చుకోవచ్చు.

చార్లెస్ రెన్నీ మాకింటాష్ ఇతని కోసం పునర్నిర్మించిన 78 డెర్న్‌గేట్ ఇల్లు ప్రస్తుతం సందర్శనశాలగా ఉంది.