దేశభక్తిని తూకం వేసిన విశ్వకవి

గల్ఫ్‌లో మన గదుల్లో రాజకీయాలు మొదలైతే మూడు మాటలు వినబడతాయి. దేశమే ముందు, మిగతావన్నీ తర్వాత అని ఒకరు. ఎవరి బతుకు వాళ్ళది, దేశం మనకేం పెట్టింది అని ఇంకొకరు. ప్రపంచమంతా ఒకటే, పని దొరికిన చోటే మన ఊరు అని మరొకరు. ఈ మూడింటినీ జీవితమంతా తూచి చూసిన మనిషి మన జాతీయగీతం రాసిన రవీంద్రనాథ్ ఠాగూర్.

ఆయన 1861 మే 7న కలకత్తాలో, జొరాసాంకోలోని జమీందారీ కుటుంబంలో పుట్టారు. బడి చదువు ఆయనకి పట్టలేదు. ముప్ఫై ఏళ్ళ వయసులో తూర్పు బెంగాల్ ఎస్టేట్లు చూసుకోవడానికి వెళ్ళి, రైతుల అప్పులూ ఆకలీ దగ్గర్నుంచి చూశారు. పాతిసర్‌లో రైతులకి అప్పులిచ్చే బ్యాంకు పెట్టారు. 1913లో నోబెల్ బహుమతి వస్తే ఆ సొమ్మూ ఆ బ్యాంకులోనే వేశారు. కొడుకు రథీంద్రనాథ్‌ని 1906లో అమెరికా పంపింది కూడా వ్యవసాయం నేర్చుకుని రమ్మనే.

1905లో బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్‌ని రెండు ముక్కలు చేసింది. ఠాగూర్ వీధిలోకి వచ్చి హిందువులకీ ముస్లింలకీ రాఖీలు కట్టారు, పాటలు రాశారు. అందులో ఒకటి తర్వాత బంగ్లాదేశ్ జాతీయగీతమైంది. సైట్లో మన పక్కన రాడ్లు కట్టే బంగ్లాదేశీ జాతీయగీతమూ, మనదీ రాసింది ఒక్కరే అన్నమాట.

అయితే ఉద్యమం ముదిరేకొద్దీ ఆయనకి ఒక సంగతి గుచ్చుకుంది. విదేశీ బట్టలు తగలబెట్టమనే వాళ్ళకి ఇంట్లో లోటు లేదు. సంతలో చౌక బట్ట అమ్ముకునే చిన్న వ్యాపారీ, అది కొనుక్కునే పేద రైతూ దెబ్బ తిన్నారు. వాళ్ళలో చాలామంది ముస్లింలు. బలవంతాలు పెరిగాయి, బాంబులూ వచ్చాయి. ఆయన పక్కకి తప్పుకున్నారు. మాటలు పడ్డారు. 1916లో వచ్చిన 'ఘరే బైరే' నవల ఈ గొడవ మీదే.

అదే ఏడాది జపాన్ వెళ్ళారు. మొదట జనం బ్రహ్మరథం పట్టారు. జాతీయవాదం ముదిరితే మనిషిని యంత్రంలో ముక్కగా మార్చేస్తుందని ఆయన హెచ్చరించగానే, ఓడిపోయిన దేశపు కవి అని ఎగతాళి చేశారు. అమెరికాలోనూ అదే మాట చెప్పారు. ఈ ఉపన్యాసాలు 1917లో 'నేషనలిజం' పేరుతో పుస్తకంగా వచ్చాయి.

అలాగని సొంతవాళ్ళకి అవమానం జరిగితే ఊరుకునే మనిషి కాదు. 1919 ఫిబ్రవరిలో మన మదనపల్లెకి వచ్చి, థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు. కాలేజీ ప్రిన్సిపాల్ భార్య, ఐర్లండ్ దేశస్థురాలు మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాసిపెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాయి. మే నెలాఖరులో ఠాగూర్ వైస్రాయికి ఉత్తరం రాసి, 1915లో ఇచ్చిన 'సర్' బిరుదు వెనక్కి తీసుకోమన్నారు.

1921లో గాంధీజీతోనూ వాదన పెట్టుకున్నారు. విదేశీ బట్టలు కాల్చడం ఆయనకి అప్పుడూ నచ్చలేదు. ఒకరంటే ఒకరికి గౌరవం మాత్రం తగ్గలేదు. ఆ డిసెంబరులోనే శాంతినికేతన్‌లో విశ్వభారతిని స్థాపించి, అన్ని దేశాల వాళ్ళనీ రమ్మన్నారు.

ఆయన తూకమూ ఒకసారి తప్పింది. 1926లో ముస్సోలినీకి అతిథిగా ఇటలీ వెళ్ళి మంచిమాటలు చెప్పారు. బయటికొచ్చాక, ఆ పాలనలో బాధలు పడ్డవాళ్ళ నోట అసలు సంగతి విని, పత్రికలోనే ఖండించారు. ప్రపంచం నాది అనుకున్న ఆయనకి ప్రపంచం అన్నిచోట్లా తలుపు తియ్యలేదు. 1929లో అమెరికా ప్రయాణంలో పాస్‌పోర్టు పోయింది. ఇమ్మిగ్రేషన్ వాళ్ళ తీరు అవమానంగా తోచి, ఉపన్యాసాలు రద్దు చేసుకుని వచ్చేశారు. నోబెల్ వచ్చిన మనిషి సంగతే అది.

1932లో, 70 దాటిన వయసులో, రెజా షా ఆహ్వానం మీద విమానంలో ఇరాన్ బయల్దేరి, ఈ గల్ఫ్ ఒడ్డునే ఉన్న బుషెహర్‌లో దిగారు. తర్వాత ఇరాక్ వెళ్ళారు. అక్కడి పల్లెల మీద బ్రిటిష్ విమానాలు బాంబులేస్తున్న సంగతి బాగ్దాద్‌లో విన్నారు. అంత ఎత్తు నుంచి చూస్తే మనిషి మనిషిలా కనబడడు, అందుకే చంపడం తేలికవుతుంది అన్న ఆలోచన తన యాత్రా రచనలో రాసుకున్నారు. సైట్లలో సూపర్‌వైజర్లుగా పనిచేసే మాలాంటి వాళ్ళకి ఈ మాట తొందరగా ఎక్కుతుంది. ముప్ఫయ్యో అంతస్తు నుంచి కిందికి చూస్తే హెల్మెట్ రంగులే కనబడతాయి, ముఖాలు కనబడవు.

1938లో జపాన్ కవి యోనే నొగుచి చైనా మీద యుద్ధాన్ని సమర్థిస్తూ ఉత్తరం రాస్తే, పాత స్నేహమని చూడకుండా గట్టిగా కాదన్నారు. 1941 ఆగస్టు 7న కన్నుమూశారు. స్వాతంత్ర్యం చూడలేదు. 1950 జనవరి 24న ఆయన పాట మన జాతీయగీతమైంది.

సంతలో బట్టల వ్యాపారి నష్టపోతే దేశభక్తులతో తగువు పెట్టుకున్నారు. పంజాబ్‌లో జనం చనిపోతే దొరలిచ్చిన గౌరవం వదులుకున్నారు. దేశం పేరు చెప్పినా, ప్రపంచం పేరు చెప్పినా, ఆ మాట బరువు ఏ మనిషి నెత్తిన పడుతోందో ఆయన ముందు చూశారు. ఒక దేశంలో పుట్టి, ఇంకో దేశంలో చెమటోడ్చి, పది దేశాల వాళ్ళతో కలిసి తింటున్న మనకి ఈ లెక్క పనికొస్తుంది.