చదువుకోడానికి వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు

మా అమ్మమ్మకి కీళ్లవాతం. డాక్టరు రాసిచ్చిన మాత్రల్లో రెండింటికి ఒక లెక్క ఉంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఫోలిక్ యాసిడ్ ఆ రోజు వదిలేసి వేరే రోజు వేసుకోవాలి. సెలవులకి వెళ్తే ఆ మాత్రల డబ్బా సర్దే డ్యూటీ నాది. మొదటి మాత్ర ఒంట్లో ఫోలిక్ యాసిడ్ చేసే పనికి అడ్డుపడుతుంది, రెండోది ఆ అడ్డుపడటం మరీ ఎక్కువ కాకుండా చూస్తుంది. ఈ రెండింటి వెనకా ఉన్నది ఒకే మనిషి, అదీ మన భీమవరం మనిషి అని తెలిశాక గొప్పగా వెళ్లి అమ్మమ్మకి చెప్పాను. పదో తరగతిలో ఏటీపీ అని బట్టీ పట్టామే, దాన్ని కనుక్కున్న వాళ్లలోనూ ఆయన ఉన్నారన్నాను. అమ్మమ్మ అంతా విని, మరి పెళ్లయిందా, భార్యని కూడా తీసుకెళ్లాడా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన వాటిల్లో ఆ సంగతి ఒకటి రెండు వాక్యాల్లో అయిపోయింది. అందుకని ఆయన కథ మళ్లీ మొదటి నుంచి చదివాను, ఈసారి ఆ ప్రశ్న పట్టుకుని.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ ఉద్యోగి, ఒంట్లో బాగోక ముందే ఉద్యోగం మానేశారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకి కటకట. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి సంపాదించేద్దామని ఇంట్లోంచి పారిపోతే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్ రెండుసార్లు పోయింది (బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు ఈ లైను గుర్తుపెట్టుకోవచ్చు). తల్లి వెంకమ్మ గారు నగలమ్మి చదివించారు. మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారికి పాసయ్యారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఉండగా రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవే చెయ్యాలనుకుంటే డాక్టరు అయినా చెయ్యొచ్చు కదా అని మెడికల్ కాలేజీకి మళ్లారు.

అంటే కాశీకని ఒకసారి, సన్యాసమని ఒకసారి, రెండుసార్లు ఇల్లు దాటబోయారు. రెండుసార్లూ ఇల్లే ఆపింది. మూడోసారి వెళ్లడానికి కారణం కూడా ఇంట్లోనే పుట్టింది.

అన్నదమ్ముల్లో ఇద్దరు, పురుషోత్తం గారు, కృష్ణమూర్తి గారు, ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. తిన్న తిండి ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోయి మనిషి రోజురోజుకీ చిక్కిపోతాడు. అప్పట్లో ఇంగ్లీషు వైద్యంలో దానికి మందు లేదు. సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బు వచ్చింది. ఆయన్ని బతికించింది ఆయుర్వేదం, ఆచంట లక్ష్మీపతి గారి వైద్యం. మెడిసిన్ చదువుతున్నవాడికి ఇంట్లో రెండు చావులు చూసి, తను మాత్రం వేరే వైద్యంతో బతికి బయటపడటం ఎలా ఉంటుందో నేను ఊహించలేను. ఆ తర్వాత ఆయన చేసిన పనంతటికీ మొదలు ఇక్కడేనని నాకనిపిస్తుంది.

1919లో పెళ్లయింది. భార్య పేరు శేషగిరి. చాలా చిన్న వయసు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు మెడిసిన్ చదువుకి డబ్బు సాయం చేశారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకెళ్తే సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం వచ్చింది. ఫలితం, ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్ఎంఎస్ అనే చిన్న డిగ్రీ చేతిలో పెట్టారు. దాంతో మంచి ఉద్యోగం దొరకలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్తూ ఉండగా, హుక్‌వార్మ్ పనిమీద మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ డాక్టరు పరిచయమయ్యాక, అమెరికా వెళ్లి ఉష్ణదేశపు జబ్బుల గురించి చదవాలన్న పట్టుదల పెరిగింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ కొంత ఇచ్చింది, మిగతాది మామగారు సర్దారు.

1920ల మొదట్లో ఒక అక్టోబరు నెలలో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా, చిన్న కోర్సే. శేషగిరి గారు అప్పటికి గర్భవతి. ఆమె కూడా వెళ్లడం అనేది అసలు ఆలోచనలోకే రాని రోజులు. ఓడలో వారాల ప్రయాణం. పైగా 1917 నుంచి అమెరికా చట్టం మన దేశం వాళ్లు వెళ్లి స్థిరపడకుండా తలుపు మూసేసింది, చదువుకునేవాళ్లకి మాత్రం సందు వదిలింది. ఆ సందులోంచి ఆయన ఒక్కరే వెళ్లారు.

అక్కడ ఎల్ఎంఎస్ చూసి ఎవరూ ఆసుపత్రిలో డాక్టరుగా పెట్టుకోలేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేశారు. రోగుల బెడ్‌పాన్లు కడిగే పని. పగలు క్లాసులు.

ఇక్కడ కొడుకు పుట్టాడు. పసితనంలోనే జబ్బుచేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడైతే మన సీనియర్లు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో లోపలికెళ్లిన పది నిమిషాలకే వీడియో కాల్ చేస్తారు. అప్పుడు ఉత్తరం చేరడానికే వారాలు. పురుడు వచ్చిన కబురూ, బిడ్డ పోయిన కబురూ రెండూ పాతబడ్డాకే ఆయనకి అందుతాయి.

డిప్లొమా అయిపోయింది. చదువుకని వెళ్లినవాడు రావాలి కదా. రాలేదు. హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనం చూసి కొలిచే పద్ధతి ప్రచురించారు. ప్రోగ్రాం మధ్యలో ప్రింట్ స్టేట్‌మెంట్ పెడితే తప్పు ఎక్కడుందో దొరికినట్టు, ఆ కొలత చేతికొచ్చాక వరసగా దొరికాయి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్. కండరం కదలికకి గ్లైకోజెన్, లాక్టిక్ ఆమ్లమే మూలం అన్న వాదనకి 1922 నోబెల్ కూడా వచ్చింది. అది దీంతో కదిలిపోయింది. 1929లో ఏటీపీ, అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నారు. 1930లో పీహెచ్‌డీ. ఇంత చేసినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. ఫిస్క్ అసూయ వల్లే ఆయన కనుక్కున్నవి కొన్ని వెలుగులోకి రాలేదని, తర్వాతివాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని అదే ల్యాబులో చదివి తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు.

ఇక్కడ నేను ఆయన తరఫున వాదిద్దామని చూశాను. మొదట్లో డబ్బు లేదు, సరే. తర్వాత ప్రయోగాలు మధ్యలో వదిలి రాలేరు, సరే. కానీ ఒకసారి వచ్చి వెళ్లడం? పాతికేళ్లలో ఒక్కసారి? అమ్మమ్మ అడుగుతుందని తెలిసి కూడా దీనికి నేను మంచి జవాబు తయారు చేసుకోలేకపోయాను.

1940లో లెడర్లే ల్యాబ్స్‌లో చేరి పరిశోధనకి డైరెక్టర్ అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది. దాన్ని స్ప్రూ రోగులకి ఇస్తే కోలుకున్నారు. అవును, అదే స్ప్రూ. అన్నదమ్ములకి మాత్రం పాతికేళ్లు ఆలస్యమైంది. ఆ ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు పనిచేసే మందులు కూడా అదే బృందం చేసింది. వాటిల్లో అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లోనే సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇస్తే కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. అంతవరకూ ఆ జబ్బుని ఏ మందూ అలా తగ్గించలేదు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. బోదకాలుకి వాడే డీఈసీ మాత్ర కూడా ఆయన దగ్గరే పుట్టింది. గోదావరి జిల్లాల వాళ్లకి ఈ మాత్ర బాగా తెలుసు, ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించి వెళ్లేవారు. ఆయన పుట్టిన జిల్లాకి ఆ మాత్ర చేరింది.

1946లో చట్టం మారి భారతీయులు అమెరికా పౌరులు అయ్యే వీలొచ్చింది. ఆయన కాలేదు, చివరిదాకా మన దేశస్థుడిగానే ఉన్నారు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53.

1995లో శతజయంతికి తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మకి ఇదంతా చెప్పాలి. ఈసారి ఏటీపీతో కాకుండా శేషగిరి గారితో మొదలుపెడతాను.