అవసరాన్ని కనిపెట్టిన ఎడిసన్

ఎడిసన్ అనగానే మనకు కరెంటు బల్బు గుర్తొస్తుంది. కానీ చదువయ్యాక సొంతంగా స్టార్టప్ పెట్టాలనుకునే మన హాస్టల్ మిత్రులు బల్బు కంటే ముందు ఆయన ఓడిపోయిన కథ తెలుసుకోవాలి.

థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మిలాన్‌లో జన్మించారు. బడికి వెళ్లింది కొద్ది నెలలే. తల్లి నాన్సీ ఇంట్లోనే చదువు చెప్పింది. పన్నెండేళ్లకే రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మారు. 1862లో అంతర్యుద్ధ కాలంలో షైలో యుద్ధ వార్త కోసం డెట్రాయిట్‌లో జనం ఎగబడటం చూశారు. దారిలోని స్టేషన్లకు టెలిగ్రాఫ్‌లో ఆ కబురు ముందే పంపించి, వెయ్యి పేపర్లు అప్పు మీద తీసుకుని రైలెక్కారు. ప్రతి స్టేషన్లోనూ జనం గుమిగూడి కొనుక్కున్నారు.

జనం అవసరాన్ని అంత బాగా పసిగట్టిన మనిషే మొదటి పేటెంట్ దగ్గర దెబ్బతిన్నారు. 1869లో చట్టసభల ఓట్లను వెంటనే లెక్కించే యంత్రం తయారుచేశారు. యంత్రం చక్కగా పనిచేసింది, కానీ ఎవరూ కొనలేదు. ఓటింగ్ నెమ్మదిగా సాగితేనే తోటి సభ్యులను ఒప్పించుకోవడానికి, బిల్లును అడ్డుకోవడానికి వీలుంటుంది. సభ్యులకు కావలసింది వేగం కాదు, ఆలస్యమే! ఇకపై ఎవరికీ అక్కరలేని వస్తువు జోలికి పోకూడదని ఆయన నిశ్చయించుకున్నారు.

1876లో మెన్లో పార్క్‌లో ప్రయోగశాల పెట్టారు. 1878లో విద్యుత్ దీపం పని మొదలుపెట్టారు. అలాంటి దీపాలను అంతకుముందే కొందరు తయారుచేశారు. ఎడిసన్ మాత్రం గ్యాస్ దీపానికి అయ్యే ఖర్చుతో లెక్క మొదలుపెట్టారు. అంతకంటే ఖరీదైతే జనం కొనరు. రాగి తీగలకే బోలెడు ఖర్చు. కాబట్టి సన్నని తీగలతో, తక్కువ కరెంటుతో వెలగాలంటే ఎక్కువ నిరోధం గల ఫిలమెంటు కావాలని తేల్చారు. 1879 అక్టోబరులో కార్బన్‌గా మార్చిన నూలు దారం 13 గంటలకు పైగా వెలిగింది. తర్వాత వెదురు పీచు 1000 గంటలు దాటింది.

బల్బు ఒక్కటీ ఇస్తే ఇంట్లో వెలుగు రాదు. అందుకే జనరేటర్లు, భూగర్భ కేబుళ్లు, మీటర్లు కూడా తయారుచేయించి, 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లో పెరల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం మొదటి ఏడాది బల్బు తయారీకి 110 సెంట్లు అయితే అమ్మింది 40 సెంట్లకే. ఏటేటా తయారీని మెరుగుపరచి, నాలుగో ఏడు ఖర్చును 37 సెంట్లకు దించి, పాత నష్టమంతా రాబట్టుకున్నారు.

ఇదంతా ఒక్కరి తెలివి కాదు. 1884లో ఆయన సంస్థలో చేరిన లూయిస్ లాటిమర్ బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన నల్లజాతి దంపతుల కుమారుడు. పేటెంట్ న్యాయవాదుల సంస్థలో చిన్న పనికి కుదిరి, డ్రాయింగ్ సొంతంగా నేర్చుకున్నారు. కార్బన్ ఫిలమెంట్ల తయారీ పద్ధతికి 1882లోనే పేటెంట్ పొందారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసిన మనలాంటి వాళ్లం ఈ పేరు మరచిపోకూడదు.

చివరికి ఎడిసన్‌కూ గెలుపే గుదిబండ అయింది. దూరప్రాంతాలకు తక్కువ ఖర్చుతో చేరే ఏసీ కరెంటు వచ్చినా తన డీసీనే పట్టుకుని వేలాడారు. 1892లో ఆయన కంపెనీ పోటీ సంస్థతో కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయింది. కొత్త పేరులో ఎడిసన్ అన్న మాటే లేదు. అమెరికాలో 1093 పేటెంట్లు పొందిన ఆయన 1931 అక్టోబరు 18న కన్నుమూశారు.

మిత్రులారా! మన చేతికి కంప్యూటర్ ఆలస్యంగా వచ్చి ఉండవచ్చు. కానీ నీళ్ల కోసం, స్కాలర్‌షిప్ కోసం, బస్సు కోసం ఎదురుచూడటం మనకు బాగా తెలుసు. జనం అవసరం తెలిసినవాడికి సగం పని అయినట్టే. మిగతా సగం వాళ్లను అడిగి, లెక్క వేసుకుని, నలుగురితో కలిసి చేద్దాం. గెలిచాక కూడా అడగడం మానకుండా ఉందాం.